గుడ్డ నల్లబడలేదా? అయితే మీరు రుద్దుతున్నది అల్యూమినియం కాదు

నమస్తే అండి. ఈ వీడియో కాస్త చిరాకులోనే తీస్తున్నా. "అన్నా, అల్లాయ్ వీల్‌కి మూడు రకాల మెటల్ పాలిష్ కొట్టా, మెరుపు రావట్లేదు, ఏ బ్రాండ్ వాడాలి?" వారానికి ఒకరైనా అడుగుతారు. ఏ బ్రాండైనా ఒకటే. మీ పాలిష్ అసలు కింద ఉన్న అల్యూమినియాన్ని తాకనే లేదు!

ఇంట్లో గోడకి తాతగారి ఫొటో ఉంటుంది కదా. లోపల చెమ్మ చేరి ఫొటో పచ్చబడింది. మీరు పైన అద్దం తుడుస్తూ కూర్చుంటే తాతగారు తేటపడతారా? మన పెయింటర్లు 'క్లియర్' అంటారే, రంగు లేకుండా పైన కొట్టే పారదర్శకమైన పూత, వీల్ మీద ఆ పొరే అద్దం. ఎక్కడో రాయి తగిలి పగిలింది, నీళ్లు దూరాయి, కింద పురుగు పాకినట్టు తెల్లటి గీతలు.

(వీల్ దగ్గరగా)

ఇదిగో, ఇక్కడ ఓ చుక్క పాలిష్ వేసి రుద్దుతున్నా... గుడ్డకి ఏమీ అంటలేదు. ఇప్పుడు అంచు దగ్గర, క్లియర్ ఊడిన చోట... చూశారా, నాలుగు రుద్దులకే బొగ్గు తుడిచినట్టు! అది మురికి కాదు, అరిగి వచ్చిన అల్యూమినియమే. నల్లబడితే లోహం, నల్లబడకపోతే అద్దం.

సరే, అద్దం తీయాలి. ఇక్కడ రెండో తలనొప్పి, కాస్టిక్ సోడా. ఇనుప గేటుకి పనిచేసింది కదా అని దీనికీ పోసేస్తారు. సిల్వర్ గిన్నె, సత్తు గిన్నె అంటామే, అదీ అల్యూమినియమే. చాకలి సోడా తగిలితే నల్లబడుతుందని అమ్మని అడగండి, చెబుతుంది. కాస్టిక్ దానికి పెద్దన్న. పెయింట్‌తో ఆగదు, లోహాన్నీ తింటుంది, హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక వాల్వ్ కవర్‌ని, అంటే ఇంజిన్ మీద ఉండే అల్యూమినియం మూతని, కాస్టిక్ బకెట్లో ముంచి టీకి వెళ్లా. వచ్చేసరికి బకెట్ సలసలా మరుగుతోంది. కవర్ మీద అక్షరాలు అరిగిన సబ్బు బిళ్ల మీద పేరులా మిగిలాయి. అద్దం తీయమంటే తాతగారి మీసం కూడా గీకేశానన్నమాట.

అల్యూమినియంకి పనికొస్తుందని డబ్బా మీద రాసున్న పెయింట్ రిమూవరే వాడండి. దట్టంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవర్ కప్పండి. పొర ముడతలు పడి లేస్తుంది, ప్లాస్టిక్ పుట్టీ బ్లేడుతో లాగేయండి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు, పని ఆరుబయట. ఇనుప బ్రష్ ముట్టుకోవద్దు, ఇనుప రవ్వలు మెత్తటి అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు మరకలవుతాయి.

అనోడైజ్ చేసిన పార్ట్, అంటే కరెంటుతో అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొర పెంచింది అయితే కథ వేరు. అది విడిగా పెట్టిన అద్దం కాదు, ఫొటోకి చేసిన లామినేషన్. ఆ మాటకొస్తే లోహంలోంచే పుట్టిన పొర. రిమూవర్ దాన్ని ఏమీ చేయలేదు, ప్లేటింగ్ షాపుకి ఇచ్చేయండి.

అయ్యో, టైం అయిపోతోంది. గబగబా చెప్పేస్తా. ఇక లోహాన్ని నున్నగా చేయాలి. వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, 320, 600, 1000, 2000. నంబరు పెరిగేకొద్దీ మెత్తన. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి, పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది. ఆ తర్వాత మెషిన్‌కి తిరిగే గుడ్డ చక్రం, అదే బఫ్, దానికి మెరుగు పెట్టే కాంపౌండ్. ఒకేచోట నొక్కి పట్టుకోవద్దు, వేడెక్కుతుంది. ఇనుము అరగదీసిన గ్రైండర్ మీద ఈ అల్యూమినియం పట్టకండి, అల్యూమినియం ధూళికి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. నిజంగానే.

మెరుపొచ్చాక? అద్దం లేని ఫొటో కదా, నాలుగు వానలకి మసకబారుతుంది. మళ్లీ క్లియర్ కొట్టొచ్చు గానీ అంత నున్నటి లోహానికి అది సరిగ్గా పట్టుకోదు. నేనైతే వ్యాక్స్ పెట్టి అప్పుడప్పుడూ రుద్దుకుంటా. ఏ బ్రాండ్ వ్యాక్స్ అని మాత్రం అడక్కండి బాబూ!