పిల్లలకు చెప్పకు, టెన్షన్ పడతారు

(చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. నా ఈడువాళ్ళకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు కూడా నమస్కారం.

మన ఇళ్ళలో తరచుగా వినిపించే ఒక మాట గురించి ఇవాళ మాట్లాడతాను. "పిల్లలకు చెప్పకు, టెన్షన్ పడతారు." రక్తపరీక్షలో షుగర్ ఎక్కువగా వచ్చిందంటే మనం ముందుగా అనేది ఇదే. మెట్ల మీద కాలు జారినా ఇదే, డిపాజిట్ మధ్యలో తీసి ఆస్పత్రి బిల్లు కట్టినా ఇదే. ఈ మాట వెనక ఉన్నది ప్రేమే, నేను కాదనను. కానీ పాతికేళ్ళు దాటిన కొడుకు విషయంలో, కూతురి విషయంలో తల్లిదండ్రులుగా మనకు ఇంకా మిగిలిన పెద్ద పని ఒకటుంది. మనకు వయసు మీద పడుతోందని వాళ్ళకు మనమే చెప్పాలి. ఆ సంగతి వాళ్ళు మొదటిసారి ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని తెలుసుకోకూడదు.

నాకు యాభై అయిదేళ్ళు. పుట్టింది నెల్లూరులో. పెళ్ళయి వచ్చేసరికి ఈ ఊరు ఇంకా మద్రాసే. బ్యాంకులో ఆఫీసరుగా పనిచేస్తున్నాను. అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం, అబ్బాయి ఆఫీసు ఇక్కడే షోళింగనల్లూరులో. ఇంట్లో మా అత్తగారు ఉన్నారు, ఎనభై దాటాయి. కాబట్టి నేను చెప్పేది పుస్తకాల్లో చదివి చెప్పేది కాదు.

2015 డిసెంబరు వరదలు ఈ హాల్లో ఉన్న అందరికీ గుర్తే. అప్పుడు ఫోన్లు పనిచెయ్యలేదు, విమానాశ్రయం మూసేశారు. తల్లిదండ్రులు ఎలా ఉన్నారో తెలియక దూరదేశాల్లో పిల్లలు అల్లాడిపోయారు. అది మన చేతిలో లేని సంగతి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మాత్రం, వేళచ్చేరిలో నాకు తెలిసిన దంపతులు ఫోన్ కలిసిన మొదటి నిమిషంలోనే అమెరికాలో ఉన్న కొడుకుతో "ఇక్కడేం లేదు నాన్నా, మామూలు వానే" అన్నారు. అప్పటికి కింది అంతస్తులో మోకాలి లోతు నీళ్ళున్నాయి, కరెంటు లేదు, మంచినీళ్ళ క్యాన్లు అయిపోయాయి. ఆ అబ్బాయి వాళ్ళ వీధిలో పడవలు తిరగడం టీవీలో చూశాడు. ఇప్పుడు అతను తల్లికి ఫోన్ చేసి "బాగున్నారా" అని అడిగి, ఆవిడ బాగున్నామంటే, వెంటనే పక్క ఫ్లాట్ ఆవిడకు ఫోన్ చేసి కనుక్కుంటాడు. రోజూ అంతే. తెలిసిన జబ్బుకు పడే టెన్షన్‌కు ఒక హద్దు ఉంటుంది. అమ్మానాన్నలు ఏదో దాస్తున్నారు, ఏమిటో తెలియదు అనే టెన్షన్‌కు హద్దు ఉండదు. మనం మొదటి దాన్ని తప్పించబోయి పిల్లల నెత్తిన రెండోదాన్ని పెడుతున్నాం.

ఇంకో సంగతి. దాచడం ఇంట్లో చూసి నేర్చుకునే విద్య. నాకు తెలిసిన ఒకాయన కొడుకుకి ఐటీ ఉద్యోగం పోయింది. ఆ అబ్బాయి రోజూ ఉదయం బ్యాగు తగిలించుకుని బయల్దేరి, ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద ఎక్కడో కూర్చుని ఉద్యోగాలు వెతుక్కుని, సాయంత్రం మామూలు వేళకే ఇంటికి వచ్చేవాడు. క్రెడిట్ కార్డు వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తే గానీ విషయం బయటపడలేదు. "మేమేం తక్కువ చేశామని దాచాడు?" అని ఆ తండ్రి నా ఎదుట కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అదే ప్రశ్న కొడుకుని అడిగితే అతను చెప్పిన జవాబు ఇది: "నా ఫైనల్ ఇయర్ పరీక్షలప్పుడు నాన్నకు స్టెంట్ వేశారు. నెల తర్వాత చెప్పారు. నేనూ అంతే చేశాను." ఆ అబ్బాయిని నేను తప్పు పట్టలేను. మంచి కొడుకంటే దాచేవాడని వాడికి ఆ ఇల్లే నేర్పింది.

ఇక ఒంటి సంగతి. నలభై దాటగానే చత్వారం వస్తే దాన్ని అందరి ముందూ చెప్పుకుంటాం. అంతకంటే పెద్ద మార్పులు నోటి దాకా రావు. మన దేశంలో ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయేది సగటున 46, 47 ఏళ్ళకు. పాశ్చాత్య దేశాల వాళ్ళకంటే నాలుగైదేళ్ళు ముందే. అది ఒక్కరోజులో జరిగేది కాదు. కొన్నేళ్ళ ముందు నుంచే ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉంటుంది. రాత్రుళ్ళు చెమటలు పడతాయి, నిద్ర తెగిపోతుంది, చిన్నమాటకే విసుగొస్తుంది, చేతిలో పని ఏమిటో మరిచిపోతాం. ఆ తర్వాత ఎముకల బలం వేగంగా తగ్గుతుంది. సరిగ్గా ఈ ఏళ్ళలోనే మన పిల్లలు ప్లస్ టూ, ఇంజినీరింగ్, మొదటి ఉద్యోగం దాటుతుంటారు. వాళ్ళ చిరాకు మనకు అర్థం కాదు, మన చిరాకు వాళ్ళకు అర్థం కాదు.

నేను ఈ విషయం మా అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పాను. అమ్మాయికి చెప్పడం తేలిక, కొడుక్కి చెప్పడమే మన ఇళ్ళలో అలవాటు లేదు. వాడు మొదట తలొంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "అయితే నేను చిన్న కంపెనీలో చేరానని కోపం కాదా అమ్మా?" అన్నాడు. నా నిద్రలేని రాత్రులన్నిటికీ వాడి మనసులో కారణం వాడే. ఆ మాట విన్నాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది: మనం చెప్పకపోతే పిల్లలు ఏ కారణమూ లేదని అనుకోరు, తామే కారణం అనుకుంటారు. చిన్నపిల్లలే కాదు, మీసాలొచ్చిన వాళ్ళూ అంతే.

మగవాళ్ళు దీనికంటే తక్కువ మాట్లాడతారు. రిటైర్మెంట్ దగ్గరపడుతుంటే వాళ్ళలో పెరిగే భయం గురించి కొడుకుతో మాట్లాడిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు. దాని గురించి నాకంటే వాళ్ళే చెప్పాలి.

మా అత్తగారు బాత్రూంలో జారి పడ్డారు. చెప్పలేదు. నడక మారింది, గోడ పట్టుకుని నడుస్తున్నారు, అందుకని నేనే అడిగాను. "నీకు ఆఫీసు టెన్షన్లు చాలవా అమ్మా" అన్నారు. చూశారా, మనం పిల్లలకు చేస్తున్నదే పెద్దవాళ్ళు మనకు చేస్తున్నారు. వృద్ధుల వైద్యంలో ఈ ఊరికి మంచి పేరుంది. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జనరల్ ఆస్పత్రిలో 1978లోనే డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారి చొరవతో వృద్ధులకు ప్రత్యేక విభాగం మొదలైంది. దేశంలో అలాంటిది అదే మొదటిది. 2024 ఫిబ్రవరిలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 200 పడకలతో వృద్ధుల కోసమే జాతీయ కేంద్రం తెరిచారు. వృద్ధుల డాక్టరు స్పెషలిస్టు డాక్టరులా ఒక్క మోకాలినో ఒక్క గుండెనో చూడరు. వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి, ఏది ఎందుకో చూస్తారు. బీపీ మాత్ర, నిద్రమాత్ర లాంటివి లేచి నిలబడగానే తల తిప్పించి పడేయగలవు. అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు ఆ డాక్టరు "ఈ మధ్య ఎన్నిసార్లు పడ్డారు?" అని అడిగితే అత్తగారు నా మొహం వైపు చూసి, నెమ్మదిగా మాకు తెలియనివి కూడా చెప్పారు.

ఇంటికి వచ్చాక ఎందుకు దాచారని అడిగితే ఆవిడ అసలు మాట అన్నారు. "చెబితే వంటింట్లోకి రానివ్వరు." టెన్షన్ అనేది పైకి చెప్పే కారణం. లోపల ఉన్న భయం ఇది. మనకు బలం తగ్గిందని తెలిస్తే పిల్లలు నిర్ణయాలు వాళ్ళ చేతిలోకి తీసుకుంటారు, స్కూటర్ తాళాలు దాచేస్తారు, ఇల్లు అమ్మి తమ దగ్గరికి వచ్చెయ్యమంటారు అని. ఈ భయం నిజమైనదే. నేను మా అత్తగారికి మాట ఇచ్చాను: వంటింటి సంగతి ఆవిడే తేల్చాలి, మేం గ్యాస్ దగ్గర కుర్చీ వేస్తాం, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టిస్తాం. మా పిల్లల దగ్గర నేను కోరేదీ ఇదే. "నా రిపోర్టు ఇదీ, నేను చెయ్యబోయేది ఇదీ. సలహా కావాలంటే నేనే అడుగుతాను." అయినా సరే, మా అమ్మాయి స్వీటు ముక్క చూడగానే వీడియో కాల్‌లో కేకలు వేస్తుంది. వెయ్యనివ్వండి, తెలిసి వేసే కేకలవి.

బ్యాంకు మనిషిని కాబట్టి డబ్బు సంగతి చెప్పకుండా దిగను. భర్త పోయాక కౌంటర్ ముందుకు వచ్చే ఆడవాళ్ళలో ఎంతమందికో ఏ బ్యాంకులో ఏముందో తెలియదు. పక్కన నిలబడ్డ కొడుక్కీ తెలియదు. నామినీ పేరు రాశాం కదా అంటారు. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అంతే. ఆ డబ్బు మీద హక్కు వీలునామాను బట్టి, అది లేకపోతే వారసత్వ చట్టాన్ని బట్టి తేలుతుంది. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. పదేళ్ళు ఎవరూ ముట్టుకోని ఖాతాలోని డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి వెళ్తుంది. పోదు, వారసులు అడిగి తీసుకోవచ్చు. అలాంటివి వెతకడానికే 2023లో ఉద్గమ్ పోర్టల్ పెట్టారు. కానీ పోర్టల్‌లో వెతికే అవస్థ మన పిల్లలకు ఎందుకు? ఒక నోటు పుస్తకంలో ఖాతాలు, ఇన్సూరెన్సు, లాకరు, అప్పులు రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇద్దరు పిల్లలకూ చెప్పండి. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు మాత్రం అందులో రాయకండి.

ఇద్దరు పిల్లలకూ అంటున్నాను. ఊళ్ళో పొలం సంగతి కొడుక్కి చెప్పి కూతురికి చెప్పని ఇళ్ళు నాకు చాలా తెలుసు. పిత్రార్జితంలో కూతురికి సమానహక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో, తమిళనాడులో 1989లో వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం అన్నేళ్ళ కిందటే ఒప్పుకున్నదాన్ని భోజనాల బల్ల దగ్గర మనం ఇంకా గుసగుసలాడుతున్నాం. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ళ చేత సంతకాలు చేయిస్తే చాలు. రిజిస్ట్రేషన్ మంచిదే, తప్పనిసరి కాదు. బతికుండగానే ఇల్లు పిల్లల పేర రాసేస్తే మాత్రం, చూసుకోవాలనే షరతు ఆ పత్రంలో ఉండాలి. అలా ఉంటే, వాళ్ళు చూసుకోనప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం కింద ఆ పత్రాన్ని రద్దు చేయించుకునే దారి ఉంటుంది.

ఇంకా కష్టమైన మాట ఒకటుంది. బాగయ్యే ఆశ లేనప్పుడు యంత్రాల మీద పెట్టి సాగదీయవద్దని ముందుగానే రాసి పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఒప్పుకుంది. 2023 జనవరిలో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే సరిపోతుంది. మన తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు అందులో రాయాలి. మేమిద్దరం ఇది పిల్లలకు చెప్పిన రోజు అమ్మాయి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. అబ్బాయి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అయినా చెప్పడం ఆపలేదు. ఎందుకంటే మనం చెప్పకపోతే, ఆ నిర్ణయం ఏ అర్ధరాత్రో ఆస్పత్రి వరండాలో వాళ్ళు తీసుకోవాలి. ఆ తర్వాత "నేను చేసింది సరైనదేనా" అని బతికినంతకాలం అడుగుతూ ఉంటారు. నా కూతురి మీద ఆ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు.

మనం చెబితే సరిపోదు, వాళ్ళు చెప్పినప్పుడు వినాలి కూడా. పిల్లలు మనకు చెప్పడం మానేసేది మనం తిట్టినందుకు కాదండీ, మనం ఊరంతా చెప్పినందుకు. అమ్మాయి "ఇప్పుడే పెళ్ళి వద్దు, కాస్త సమయం కావాలి" అని రాత్రి తల్లికి చెబుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి నెల్లూరులో పిన్ని ఫోన్ చేసి "ఎవరన్నా ఉన్నారా ఏంటే" అని అడుగుతుంది. ఆ పిల్ల ఇంక మళ్ళీ నోరు విప్పుతుందా? పెద్ద పిల్లలు చెప్పింది మనింటి గడప దాటకూడదు. అది వాళ్ళ జీతమైనా, వాళ్ళ కాపురమైనా, డాక్టరు దగ్గరికి వెళ్తున్న సంగతైనా సరే. మనకు వెంటనే ఏదో ఒక పరిష్కారం చెప్పాలనిపిస్తుంది. ఆగండి. "ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా, వినాలా, చెప్పాలా?" అని వాళ్ళనే అడగండి. వాళ్ళు తమిళం కలిపి చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా భాష సరిదిద్దకండి, ఆ పని ఇంకో రోజు చేద్దాం.

వెనక కూర్చున్న పిల్లలకు ఒక్కమాట. "బాగున్నారా" అని అడిగితే మేం బాగున్నాం అనే అంటాం. "ఈ నెల షుగర్ ఎంత వచ్చింది? ఏ మాత్ర మార్చారు? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. అలా అడిగితే దాచడం మాకు కష్టం.

పిల్లలు ఫోన్ కూడా చెయ్యని వాళ్ళు, అసలు పిల్లలు లేని వాళ్ళు ఈ హాల్లో ఉంటారు. నేను ఇంతసేపూ చెప్పింది వాళ్ళను నొప్పించి ఉంటే క్షమించండి. మీ నోటు పుస్తకం సంగతి మేనకోడలికి చెప్పండి, నమ్మకమైన పక్కింటివారికి చెప్పండి. అరవై దాటినవాళ్ళ కోసం ఎల్డర్ లైన్ ఉంది, నంబరు 14567. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. పింఛను, న్యాయసలహా, ఆస్పత్రి, ఏదైనా అడగవచ్చు, మనసు బాగాలేకపోయినా మాట్లాడవచ్చు. నామినీ గురించి, వీలునామా గురించి సందేహాలున్నవాళ్ళు ఉండండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. నమస్కారం.