స్పోర్ట్స్ కారుకి ఆయిల్ మనమే మార్చుకుంటే: బోల్టు విప్పే ముందు, విప్పిన తర్వాత

[మొదటి షాట్: కెమెరా నేల మీద. ముందు బంపర్ కిందికి అరచేతిని దూర్చడానికి ప్రయత్నం.]

చూశారుగా, నా చెయ్యే సరిగ్గా దూరడం లేదు. ఇక మనిషి దూరాలి, ట్రే దూరాలి, స్పానర్ తిప్పడానికి చోటుండాలి. మామూలు కారుకి ఎన్నోసార్లు ఆయిల్ మార్చినవాళ్లు కూడా స్పోర్ట్స్ కారు దగ్గర తడబడేది ఇక్కడే. పాత ఆయిల్ దించడం, కొత్తది పోయడం ఏ కారుకైనా ఒకటే. తేడా అంతా దాని కిందికి చేరడంలోనూ, చివర్లో ఎంత ఆయిల్ ఉందో సరిగ్గా కొలవడంలోనూ ఉంది. ఈ వీడియోలో ఎక్కువసేపు ఆ రెండింటి మీదే ఉంటాను.

[ఆయిల్ డబ్బా క్లోజప్]

ముందు డబ్బా సంగతి. దీని మీద 5డబ్ల్యూ-40 అని ఉంది. డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 5 చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత చురుగ్గా పారుతుంది. వెనకున్న 40 వేడెక్కిన తర్వాతి చిక్కదనం. వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే300 ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. 30 గ్రేడు అయితే 9.3 నుంచి 12.5.

"స్పోర్ట్స్ కారు కదా, కాస్త చిక్కటిదే పోద్దాం" అనే మాట చాలాసార్లు విన్నాను. పోయకండి. టయోటా 86 అడిగేది 0డబ్ల్యూ-20. ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3 అడిగేది 10డబ్ల్యూ-60. రెండూ స్పోర్ట్స్ కార్లే. తిరిగే భాగాల్ని మోసే బేరింగుల్లో సందు ఎంత, ఆయిల్ పంపు ఎంత తోడుతుంది అన్న లెక్కలు చూసుకునే ఆ ఇంజిన్లు తయారుచేశారు. మన ఊహ కన్నా ఓనర్స్ మాన్యువల్ నయం. గ్రేడు ఒక్కటే చూసి ఆగిపోకండి, కంపెనీ అనుమతి కోడ్ కూడా చూడండి. పోర్షే ఏ40 అలాంటిదే. టర్బో ఉండి పెట్రోల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఇంజిన్ అయితే, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 2020లో తెచ్చిన ఎస్‌పీ లాంటి కొత్త ప్రమాణం అడుగుతుంది. అలాంటి ఇంజిన్లలో తక్కువ ఆర్పీఎం దగ్గర గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే, స్పార్క్ రాకముందే మంట అంటుకుని పిస్టన్లు విరిగే ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించేలా ఈ ఆయిళ్లు తయారవుతాయి.

ఎన్ని లీటర్లో కూడా ఇప్పుడే చూసుకోండి. చిన్న మజ్దా మియాటాకి సుమారు 4 లీటర్లు చాలు. వీ8 ఇంజిన్ ఉన్న ఎం3కి 8.8 లీటర్లు కావాలి. 5 లీటర్ల ట్రే పెట్టి 8 లీటర్లు వదిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

[కారు మెల్లగా రెండు చెక్క పలకల మీదికి ఎక్కుతుంది]

ఇప్పుడు అసలు పని. మామూలు ర్యాంపులు దీనికి పనికిరావు, చక్రం ఎక్కేలోపే బంపర్ వెళ్లి ర్యాంపుకి గుద్దుకుంటుంది. మామూలు జాకీ కూడా చాలాసార్లు కిందికి దూరదు. అందుకే వెడల్పాటి, గట్టి చెక్క పలకలు రెండు పెట్టి, ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించాను. నాలుగు వేళ్ల మందం ఎత్తు పెరిగితే చాలు, తక్కువ ఎత్తు జాకీ హాయిగా లోపలికి పోతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఆ చోటు వదిలి పక్కన పెడితే సన్నటి రేకు నొక్కుకుపోతుంది, అల్యూమినియం అయితే ఇంకా తొందరగా. జాకీ తలకీ కారుకీ మధ్య రబ్బరు దిమ్మ పెట్టండి. నేల మీద మిగిలిన చక్రాలకి ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టండి. వెనక చక్రాలు లేపితే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, అది సాధారణంగా వెనక చక్రాలకే పడుతుంది కాబట్టి.

ఇక్కడ కాస్త గొంతు పెంచుతాను, ఏమనుకోకండి. జాకీ ఉన్నది లేపడానికే, మోయడానికి కాదు. దానిలో ఉండే చిన్న సీలు జారితే కారు మొత్తం కిందికి వస్తుంది. కారు బరువు మోసే జాకీ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాక భుజంతో కారుని బలంగా ఊపి చూడండి. ఊగకపోతేనే కిందికి వెళ్లండి. కుదిరితే నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి కారు సమంగా ఉంచండి. ముందు మాత్రమే లేపితే, ఆయిల్ బయటికి దిగే డ్రెయిన్ రంధ్రం ఉన్న వైపుని బట్టి పాత ఆయిల్ కొంత లోపలే నిలిచిపోవచ్చు.

[కింద నుంచి షాట్: నల్లటి ప్లాస్టిక్ అండర్ ట్రే]

కిందికి చేరాక కూడా ఇంజిన్ కనపడదు. గాలి సాఫీగా పోవడానికి కింద అంతా ఈ ప్లాస్టిక్ ట్రే కప్పేస్తారు. దీనికున్న స్క్రూలన్నీ ఒకే పొడుగు కావు. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే అది లోపల దేన్ని పొడుస్తుందో తెలీదు. ఒక అట్టముక్క తీసుకుని ట్రే ఆకారం గీసి, విప్పిన స్క్రూ విప్పినట్టే ఆ చోట గుచ్చేస్తే సరి. చూడ్డానికి చిన్నపిల్లల ప్రాజెక్టులా ఉంటుంది గానీ రెండు గంటల తర్వాత మీకే తెలుస్తుంది దాని విలువ.

[గ్లవ్స్ తొడుక్కుంటూ]

ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి. అందుకే కారు లేపే ముందే ఓ పది నిమిషాలు తిప్పి వచ్చాను. వెచ్చటి ఆయిల్ పల్చగా పారుతూ మడ్డిని కూడా తనతో తీసుకొస్తుంది. మరీ వేడిగా ఉంటే మాత్రం ఆగండి, సలసల కాగే ఆయిల్ మోచేతి మీదుగా చంకలోకి జారితే ఆ రోజుకి పని ఆపెయ్యాల్సిందే. గ్లవ్స్ తప్పనిసరి. వాడిన ఇంజిన్ ఆయిల్ పదే పదే చర్మానికి తగలడం మంచిది కాదు, అందులో క్యాన్సర్ కారకాలు ఉంటాయి.

డ్రెయిన్ బోల్టు కంటే ముందు పైన ఆయిల్ పోసే మూత తీయండి. ఆయిల్ సాఫీగా దిగుతుంది. ఆ మూత బిగుసుకుపోయి ఉంటే ఆ సంగతి పాత ఆయిల్ దించకముందే తెలిస్తే మంచిది కదా.

[డ్రెయిన్ బోల్టు విప్పడం. ధార ముందుకి దూకి, మెల్లగా నిలువు ధారగా మారుతుంది.]

మొదట ధార దూరంగా దూకుతుంది, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది. ట్రేని దానితోపాటే జరపండి. ఇక చుక్కలు పడేదాకా ఆగాలి. ఈలోపు డ్రై సంప్ గురించి చెప్పేస్తాను. కొన్ని స్పోర్ట్స్ కార్లకి ఒక బోల్టు విప్పి అయిపోయిందనుకుంటే సగం ఆయిల్ ఇంకా లోపలే ఉంటుంది.

మామూలు ఇంజిన్లో ఆయిల్ అంతా అడుగున పాన్‌లో ఉంటుంది, పంపు అక్కడి నుంచే పీల్చుకుంటుంది. కారు మలుపులో పక్కకి 1 జీ బలంతో, అంటే భూమి గురుత్వాకర్షణతో సమానమైన బలంతో తిరిగిందనుకోండి, పాన్‌లో ఆయిల్ పైతలం 45 డిగ్రీలు వాలిపోతుంది. పళ్లెంలో పులుసు ఒక పక్కకి ఒరిగినట్టు. పీల్చే గొట్టం మూతి ఆ క్షణం గాల్లో తేలితే, బేరింగులకి ఆయిల్ బదులు గాలి చేరుతుంది. అంతే, ఇంజిన్ గోవిందా. దీనికి విరుగుడుగా కొన్ని కార్లలో పాన్‌లో ఆయిల్ నిలవనివ్వరు. కింద పడిన ఆయిల్‌ని వేరే పంపులు ఎప్పటికప్పుడు తోడి, నిలువుగా ఉండే ఓ ప్రత్యేక ట్యాంకులో నింపుతాయి. ఇంజిన్‌కి ఆయిల్ ఆ ట్యాంకు నుంచే వెళ్తుంది. డ్రై సంప్ అంటే ఇదే. పాన్ లోతు తగ్గుతుంది కాబట్టి ఇంజిన్‌ని ఇంకా కిందికి అమర్చుకునే వీలు కూడా దొరుకుతుంది.

ఎయిర్ కూల్డ్ పోర్షే 911లు, సీ6 తరం షెవర్లే కార్వెట్ జెడ్06 ఇలాంటివే. వాటిలో ట్యాంకుకీ ఇంజిన్‌కీ వేర్వేరు డ్రెయిన్ బోల్టులుంటాయి. రెండూ విప్పాలి. అయినా ఆయిల్ కూలర్‌లోనూ గొట్టాల్లోనూ కొంత ఆయిల్ మిగిలిపోతుంది. అందుకే మాన్యువల్‌లో మొత్తం కెపాసిటీ ఒక అంకె, ఆయిల్ మార్చేటప్పుడు పోయాల్సింది ఇంకో అంకె ఉంటాయి. పెద్ద అంకె చూసి పోసేస్తే లెక్క తప్పుతుంది.

[ఫిల్టర్ విప్పడం]

ఫిల్టర్ డబ్బాలా ఉండే రకమైతే, విప్పగానే ఇంజిన్ వైపు వేలితో తడిమి చూడండి. పాత రబ్బరు రింగు అక్కడే అతుక్కుపోయి ఉండొచ్చు. దాని మీద కొత్త రింగుతో ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులై, ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ పిచికారీలా చిమ్ముతుంది. కొత్త రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, అది తగిలిన తర్వాత చేత్తోనే ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. మూత విప్పి లోపలి కాగితపు ఫిల్టర్ ఒక్కటే మార్చే రకానికి మూత మీదే చాలాసార్లు 25 న్యూటన్ మీటర్లని అచ్చువేసి ఉంటుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ వాడండి, ఆ ప్లాస్టిక్ మూత పగిలితే కొత్తది వచ్చేదాకా కారు స్టాండ్ల మీదే.

[పాత ఫిల్టర్ మడతలు విప్పి వెలుగులో చూపించడం]

నాకు మాత్రం ఈ పని మొత్తంలో బాగా నచ్చేది ఇదే. బయట ఇచ్చి చేయించుకుంటే పాత ఫిల్టర్ మన కంటపడదు. ఈ కాగితం కోసి, మడతలు పిండి, ఎండలో పెట్టి చూడండి. అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టు అయితే దాని కొన మీద సన్నటి బూడిద రంగు ముద్ద ఉంటుంది, అది మామూలు అరుగుదలే. గోటికి గుచ్చుకునే ఇనుప పెచ్చులు ఉంటే అది వేరే కథ. అయస్కాంతానికి అంటని, రాగి రంగులో మెరిసే రజను కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయన్న మాట. పోర్షేలో 986 తరం బాక్స్‌టర్, 996 తరం 911 ఉన్నవాళ్లు ఫిల్టర్ కోసి చూడటాన్ని ఓ ఆచారంలా పాటిస్తారు. ఆ ఇంజిన్లలో ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) అనే బేరింగు పాడైతే తొలి ఆనవాలు చాలాసార్లు ఫిల్టర్‌లోనే దొరుకుతుంది.

ఆయిల్ వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తుంటే పెట్రోల్ దిగి కలుస్తోంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు చేరింది. ఇంకో చిన్న పని: దించిన ఆయిల్‌ని కొలిచి రాసుకోండి. పోసినదానికీ వచ్చినదానికీ తేడా చూస్తే ఇంజిన్ ఎంత తాగుతోందో అంచనా దొరుకుతుంది.

[బోల్టు బిగించడం]

బోల్టుకి కొత్త వాషర్ వేయండి. అది నలిగితేనే లీకు ఆగుతుంది, ఒకసారి నలిగింది మళ్లీ సరిగ్గా నలగదు. మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. అడ్డంగా ఎక్కిన బోల్టుని స్పానర్‌తో బలవంతపెడితే అల్యూమినియం పాన్‌లో మర పోతుంది. 996 తరం 911కి 50 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మీ కారుకి ఎంతో మాన్యువల్‌లో చూడండి. గట్టిగా బిగిస్తే మంచిదనే నమ్మకం వల్లే చాలా పాన్‌లు పాడయ్యాయి.

[గరాటుతో ఆయిల్ పోయడం]

చెప్పిన కొలతకి అర లీటరు తక్కువే పోసి ఆగండి. స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెజర్ దీపం కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరేదాకా రేజ్ చేయొద్దు.

ఇక కొలవడం. నేను బోల్తా కొట్టింది ఇక్కడే. డిప్‌స్టిక్ లేని కారు, తెరమీదే లెవెల్ చూపిస్తుంది. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే చూశాను, తక్కువుందంది. ఇంకో అర లీటరు పోశాను. అరగంట నడిపి వచ్చి చూస్తే గీత దాటిపోయింది. మళ్లీ జాకీ, మళ్లీ స్టాండ్లు, మళ్లీ అండర్ ట్రే, చల్లారేదాకా ఎదురుచూపు. ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగుల్ని కాపాడలేదు.

ఎయిర్ కూల్డ్ 911కి ఇంజిన్ వేడిగా, ఐడిల్‌లో నడుస్తూ ఉండగానే సమమైన నేల మీద కొలవాలి. ఆపేస్తే ట్యాంకులో ఆయిల్ ఇంజిన్‌లోకి జారుతుంది, ట్యాంకులో తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ పోసేస్తాం. డ్రై సంప్ కార్వెట్‌కి మాత్రం వేడెక్కాక ఆపి, కాసేపు ఆగి చూడాలి. సూత్రం ఒకటే అయినా పద్ధతి వేరు, కాబట్టి పక్కవాడి కారు చూసి కొలవకండి.

ఇంజిన్ ఆపి, టార్చి పట్టుకుని బోల్టు దగ్గరా ఫిల్టర్ దగ్గరా తడి లేదని చూశాకే అండర్ ట్రే ఎక్కించండి. పాత ఆయిల్‌ని మూతున్న డబ్బాల్లో పోసి, రీసైక్లింగ్‌కి తీసుకునేచోట ఇవ్వండి. కాలువలోనో మట్టిలోనో పోస్తే అది ఎక్కడికీ పోదు, నీళ్లలోకి చేరుతుంది.

[కారు కిందికి దించడం. డ్రైవర్ సీటు నుంచి మీటర్ షాట్.]

తేదీ, కిలోమీటర్లు రాసుకున్నాను. ఇలాంటి కార్లు ఏడాదంతా కలిపినా పెద్దగా తిరగవు, అయినా చాలా కంపెనీలు ఏడాదికోసారి మార్చమంటాయి. నిలబడి ఉన్న ఆయిల్‌లో కూడా తేమ, ఆమ్లాలు చేరుతూనే ఉంటాయి.

ఇప్పుడు ఓ చిన్న రౌండు వేసొస్తాను, నెమ్మదిగానే. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి చూపే ముల్లు మధ్యకొచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ46 ఎం3 మీటర్లో దీనికోసమే ఆర్పీఎం అంకెల చుట్టూ చిన్న దీపాలు పెట్టారు. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ, ఎంతవరకు తొక్కొచ్చో చూపిస్తాయి. నా కారులో ఆ దీపాలు లేవు, కాబట్టి ఇంకో పది నిమిషాలు బుద్ధిగా నడపాలి.