మూడు పొరల గోడ

అందరికీ నమస్కారం.

సెలవుల్లో సేవా శిబిరానికి బయల్దేరుతున్నారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఉత్సాహపరిచే మాటలు మీరు ఇప్పటికే బోలెడు విని ఉంటారు. నేనొక గోడ గురించి చెప్తాను.

కాలేజీ రోజుల్లో మేమూ ఇలాగే ఓ బడికి రంగులేయడానికి వెళ్లాం. ముప్ఫై మందిమి. గోడ గీకడం మొదలుపెడితే నీలం రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద పసుపు. అదీ గీకితే లేత ఆకుపచ్చ. ఇదేంటని వాచ్‌మన్‌ని అడిగాం. "ఏటా మీలాంటి పిల్లలే వస్తారు బాబూ, వేసి పోతారు" అన్నాడు. పైకప్పు కారి గోడకి చెమ్మ పడుతోంది. ఆ కారేదాన్ని ఆపకుండా ఎన్ని రంగులేస్తే ఏం లాభం? ఆ మాట తెలిశాక కూడా మేం నాలుగో రంగు వేశాం. డబ్బాలు కొనేశాం మరి! గోడ ముందు ఫోటో దిగి వచ్చేశాం. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

మంచి మనసుతో వెళ్లినా పని చెడొచ్చు. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కొందరిని వెంటబెట్టుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి ఊరికి వెళ్లాడు. అది ఆ యుద్ధంలో భీకర పోరు జరిగిన వెర్డున్ దగ్గర. ఆ జట్టులో జర్మన్లు కూడా ఉన్నారు. నిన్నటి శత్రువులు కలిసి పార పట్టుకుంటే పగలు చల్లారతాయని ఆయన ఆశ. కానీ ఊరివాళ్ల గాయం ఇంకా పచ్చిగానే ఉంది. జర్మన్లు తమ మధ్య తిరగడం వాళ్లకి మింగుడుపడలేదు. కొన్ని నెలలకే జట్టు వెనక్కి రావాల్సి వచ్చింది. అయినా ఆయన ఆ పని వదల్లేదు. 1934 బీహార్ భూకంపం తర్వాత ఇక్కడికీ వచ్చి ఇళ్లు కట్టడంలో చేయి కలిపాడు. అదీ ఒక్కసారి వచ్చి పోవడం కాదు, మళ్లీ మళ్లీ వచ్చాడు.

కుదిరిన పని ఎలా ఉంటుందో కూడా చూద్దాం. 2005లో కత్రినా తుపానుకి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరం మునిగింది. మరుసటి ఏడాది వసంతకాలపు సెలవుల్లో వేలమంది విద్యార్థులు అక్కడికి వెళ్లారు. కొత్త ఇళ్లు కట్టడానికి కాదు, మునిగిన ఇళ్లను ఖాళీ చేయడానికి. ముక్కుకి మాస్కు కట్టుకుని, నానిపోయి బూజెక్కిన గోడ పలకల్ని చెక్క చట్రం కనిపించేదాకా ఊడబీకడం, తడిసిన పరుపులు వీధిలోకి మోయడం. ఫ్రిజ్‌లనైతే తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. చుట్టూ టేపు వేసి అలాగే బయటికి దొర్లించేవారు. ఆ పనికి పెద్ద విద్యేం అక్కర్లేదు, చేతులు కావాలి. కూలి ఇచ్చి చేయించుకునే స్తోమత చాలా ఇళ్లవాళ్లకి లేదు. పైగా ఒక వారంలో ఒక జట్టు తెమిల్చేయగల పని.

అందుకే, వెళ్లేముందు అక్కడివాళ్లకి ఫోన్ చేసి "మీకేం కావాలి?" అని మాత్రమే అడక్కండి. మొహమాటానికి "ఏదైనా పర్లేదు" అంటారు. "మేం రాకపోతే ఈ పని ఎవరు చేస్తారు?" అని అడగండి. ఊళ్లో మేస్త్రీ చేస్తాడంటే, మీరు వెళ్లి అతని కూలి పోగొట్టినట్టే. ఎవరూ చేయరు, ఏడాదిగా అలాగే పడుంది అంటే, అది మీ పని.

అనాథాశ్రమాలకి మాత్రం వద్దు. వారంపాటు ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోతే, ఆ పిల్లలకి అది ఇంకో వియోగం. నేపాల్‌లో, కంబోడియాలో అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. వచ్చేపోయేవాళ్ల విరాళాల కోసమే పిల్లల్ని చేర్చుకునేవాళ్లున్నారు.

ఇక మీరు అడగండి. ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా. మైకు ఇవ్వండి ఆమెకి.