వడ్ల బస్తా చెప్పిన పాఠం

శ్రోతలకు నమస్కారం. పాత రేకుల కప్పు మీద పని చేసేటప్పుడు జాగ్రత్త గురించి మాట్లాడాలి. టైమ్ తక్కువ కాబట్టి చట్టాలు, రూల్సు పక్కన పెట్టి ఒక వడ్ల బస్తా కథ చెప్తాను.

గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లు. పాత సిమెంటు రేకుల షెడ్డు, వాన పడితే నాలుగు చోట్ల కారుతుంది. రేకులు మార్చాలి, కానీ అప్పుడే సీజను, యార్డు నిండా ధాన్యం, మిల్లు ఆపడానికి ఓనరు గారు ససేమిరా అన్నారు. అక్కడ మెయింటెనెన్స్ చూసేది నేనే. చివరికి ఇలా ఒప్పుకున్నాం: షెడ్డును ముక్కలుగా చేసుకుని, ఏ ముక్క మీద రేకు విప్పుతున్నారో దాని కింద, దాని పక్కన మనిషి ఉండడు, మిషను తిరగదు, మిగతా మిల్లు నడుస్తుంది. పొద్దున ఎంత విప్పితే సాయంత్రానికి అంతా కప్పేయాలి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. పైనుంచి మనిషి పడితే పట్టుకోడానికి కింద కట్టే వల దగ్గర పేచీ వచ్చింది. "కింద తార్పాలిన్ కట్టించాం కదయ్యా, మళ్లీ వలకి అద్దె ఎందుకు?" అన్నారు ఓనరు గారు.

రేకుల మేస్త్రీ అరవై దాటిన మనిషి, వాదించలేదు. ఒక వడ్ల బస్తా తెప్పించాడు. మా వైపు బస్తా అంటే 75 కిలోలు, ఇంచుమించు ఒక మనిషి బరువు. కప్పీ వేసి దాన్ని రేకుల ఎత్తుకి లాగించి, అందరినీ తప్పుకోమని కేకేసి, తాడు వదిలేశాడు. తార్పాలిన్ పర్రున చిరిగింది, బస్తా నేల మీద పగిలింది, వడ్లు గోడ దాకా చిమ్మాయి. "ఇది దుమ్ము ఆపుతుందండీ, మా కుర్రాణ్ణి ఆపదు" అన్నాడు. ఆ వడ్లు ఎత్తడానికి ఇద్దరు ఆడవాళ్లకి ఒక పూట పట్టింది. మధ్యాహ్నానికి వల వచ్చింది.

పాత రేకు చూడ్డానికి రాయిలా ఉంటుంది, కాలు పెడితే చెప్పకుండా విరుగుతుంది. అందుకే రేకు మీద అడుగు వేయకూడదు. మళ్లీ చెప్తున్నా, రేకు మీద అడుగు వేయకూడదు. బోల్టుల వరస మీద నడిస్తే ఏమీ కాదంటారు కొందరు, నేను ఒప్పుకోను, కాలు జారాక ఇంక వరసేమిటి? కింద ఉన్న ఇనప కమ్మీల మీద బరువు పడేలా పలకలు వేసుకోవాలి, బెల్టు తాడుకి తగిలించుకోవాలి. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది, కాబట్టి నీళ్లతో తడిపి, తుప్పు పట్టిన హుక్కులు కోసి, పగలకుండా ఒక్కొక్కటే దించాలి. సుత్తి వద్దు. కింద ఆడేది మనం తినే బియ్యం మరి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వెలుతురు కోసం మధ్యమధ్య వేసే ఫైబర్ రేకులు ఊక దుమ్ము పట్టి, పైనుంచి చూస్తే సిమెంటు రేకుల్లాగే ఉంటాయి, వాటి మీద కాలు పడినా విరుగుడే. లోపల నుంచి చూస్తే పగటి పూట మెరుస్తూ ఉంటాయి. మా మేస్త్రీ రోజూ ముందు షెడ్డు లోపల నిలబడి తలెత్తి లెక్కపెట్టేవాడు, మూడో వరసలో ఐదోది, ఆరో వరసలో రెండోది అని, ముగ్గుపిండితో నేల మీద బొమ్మ గీసి, కుర్రాళ్ల చేత ఒక్కొక్కరితో అప్పజెప్పించుకున్నాకే నిచ్చెన ఎక్కనిచ్చేవాడు.