మా నాన్నగారు ఇంట్రోవర్ట్ కారు

(బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు కుటుంబాల ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, ఈ హాలు ఇప్పించిన పెద్దలకు, పొద్దుటి నుంచి కూర్చోకుండా పులిహోర వడ్డించిన పిల్లలకు నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అయిపోతుంది, మన్నించండి.

వ్యక్తిత్వ రకాలను బట్టి మనవాళ్లను అర్థం చేసుకోవడం గురించి మాట్లాడమన్నారు. ఈ ఊళ్లో ఆఫీసులకు వెళ్లే పిల్లలకు మనిషి స్వభావాన్ని నాలుగక్షరాల్లో చెప్పే ఆ మయర్స్-బ్రిగ్స్ పరీక్ష తెలుసు. ఐఎన్‌ఎఫ్‌పీ, ఈఎస్‌టీజే అంటూ మొత్తం 16 రకాలు. అయితే దాని పుట్టుక వెనుక ఒక అత్తగారు ఉన్నారని మీలో ఎందరికి తెలుసు? ఆమె అమెరికాకు చెందిన కేథరిన్ బ్రిగ్స్. 1917లో, కూతురు ఇసబెల్ చేసుకోబోయే క్లారెన్స్ మయర్స్‌ను చూశాక, ఈ అబ్బాయి ఆలోచించే తీరు మా ఇంట్లో ఎవరికీ లేదే అనుకున్నారు. ఆ తేడా ఏమిటో తెలుసుకోవాలని మనుషుల స్వభావాల మీద చదవడం మొదలుపెట్టారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ మనుషుల స్వభావాల మీద 1921లో జర్మన్ భాషలో ప్రకటించిన సిద్ధాంతం 1923లో ఇంగ్లీషులోకి రాగానే దాన్ని పట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇసబెల్ దాని ఆధారంగా ప్రశ్నావళి తయారుచేశారు. కాబోయే అల్లుడు మనలా లేడని ముఖం తిప్పుకోకుండా పుస్తకాలు ముందేసుకున్న ఆ తల్లి అంటే నాకు గౌరవం.

ఆ అక్షరాల వెనుక ఉన్న నాలుగు జతల గురించీ, అంటే అంతర్ముఖుడు (ఇంట్రోవర్ట్), బహిర్ముఖుడు వంటి జతల గురించి చెప్పాలని కాగితం రాసుకొచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నాను. మా నాన్నగారి సంగతి చెప్పాలి.

మదనపల్లె దగ్గర టమాటా పండించిన మనిషి ఆయన. తెల్లవారేసరికి మా అరుగు నిండిపోయేది. మార్కెట్లో బాక్సు ఎంత పలికింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి కోడలు పుట్టింటి నుంచి రాలేదు, అన్నీ ఆయనకే కావాలి. అమ్మ పోయాక తమ్ముడు ఇక్కడికి తీసుకొచ్చాడు. పదకొండో అంతస్తు. పక్క ఫ్లాటువాళ్ల భాష రాదు, లిఫ్టులో ఎవరూ తలెత్తరు. కొన్ని నెలలకే ఆయన మాట తగ్గిపోయింది. ఆఫీసులో ఈ రకాల మీద శిక్షణ పొందిన బంధువు ఒకతను, ఆయన తరఫున తానే ఫోనులో జవాబులు నింపి, “తాతయ్య ఇంట్రోవర్ట్, ఒంటరిగా ఉండటమే ఆయనకిష్టం, కదిలించకండి” అని తేల్చేశాడు. అందరూ మర్యాదగా ఆయన గది తలుపు దగ్గరగా వేశారు.

నా కోపమంతా ఆ తలుపు మీద. ఆ పరీక్షను సక్రమంగా చేసేవారు కూడా, ఫలితం తనకు సరిపోయిందో లేదో చెప్పవలసింది జవాబులిచ్చిన మనిషేనంటారు. మా నాన్నగారిని అసలు అడిగిందెవరు?

గేటు బయట కూరగాయల బండి పెట్టే ఆమెది ముళబాగిలు. కోలారు వైపు తెలుగు ఎంతగా వినిపిస్తుందో మీకు తెలుసు. ఒకరోజు, “పెద్దాయనా, ఈ కాయ ఏ ఊరిదో చెప్పు చూద్దాం” అంది. అంతే! మర్నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగేవారు. ధర మీద వాదన, మచ్చ తెగులు మీద ఉపన్యాసం. ఆయన నవ్వు పార్కింగ్ దాకా వినిపించేది.

ఆయన రకం మారిందా? మనిషీ అతని పరిసరమూ కలిస్తేనే నడవడిక అని మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1936లోనే సూత్రం రాశాడు. సందర్భం మారితే అదే మనిషి వేరుగా ప్రవర్తిస్తాడని 1968లో మరో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ గట్టిగా వాదించాడు. పూర్తిగా అంతర్ముఖుడైన మనిషి ఉండడని యూంగే అన్నాడు. మరి మనం ఎందుకు తీర్పు చెప్పేస్తున్నాం?

ఈ రకాలు పనికిరావని నేను అనను. మా అల్లుడు గొడవ రాగానే గదిలోకి వెళ్లిపోతాడు. అమ్మాయికేమో అప్పటికప్పుడు తేలిపోవాలి. అది అలుక కాదు, మాట కూడగట్టుకోవడానికి అతనికి కాస్త వ్యవధి కావాలని తెలిశాక ఇద్దరూ సర్దుకున్నారు. అతన్ని అడిగారు, అతను చెప్పాడు, అందువల్ల సర్దుకున్నారు.

అమ్మా, అయ్యా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. చివరి రెండు వరుసల్లో మీరు ఊళ్ల నుంచి తెచ్చుకున్న అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్లు మౌనులని మీకెవరు చెప్పారు?

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. అధ్యక్షులవారూ, తర్వాతి ప్రసంగాన్ని పది నిమిషాలు ఆపండి. బాబూ, మైకు వెనక్కి తీసుకెళ్లు. ముందు ఆ తలపాగా పెద్దాయనకు ఇవ్వు. అయ్యా, మీది ఏ ఊరు?