ఫేస్‌బుక్ పోస్టు మెయిల్‌గా వెళ్లాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. పొలం గట్ల మీదా, వంటింట్లో పొయ్యి దగ్గరా వీడియోలు తీసి పేరు తెచ్చుకున్నవాళ్లు అప్పటికి మన రెండు రాష్ట్రాల్లో చాలామందే ఉన్నారు. "ఇక ఇన్‌స్టాగ్రామ్‌లో కలుద్దాం" అని ఆఖరి వీడియో పెట్టగలిగినవాళ్లు పెట్టారు. ఆ వీడియో ఎవరి కంట పడలేదో, వాళ్లకి మళ్లీ కబురు పంపే దారి లేకుండా పోయింది. ఫాలోయర్ల జాబితా కంపెనీ దగ్గరుంటుంది కానీ మన దగ్గర ఉండదు మరి. 2014లో ఆర్కుట్ మూతపడ్డా, 2019లో గూగుల్ ప్లస్ పోయినా, 2024లో మన దేశపు సోషల్ మీడియా యాప్ 'కూ' ఆగిపోయినా ఇదే కథ.

మెయిల్ సంగతి వేరు. "నాకు పంపండి" అని పాఠకుడు తన అడ్రసు తానే ఇస్తాడు. ఆ జాబితాని ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఈ సర్వీసు నచ్చకపోతే ఆ ఫైలు పట్టుకుని ఇంకో సర్వీసుకి వెళ్లిపోవచ్చు. అందుకే సోషల్ మీడియాలో బాగా రాసేవాళ్లు చాలామంది మెయిల్‌చింప్, సబ్‌స్టాక్ లాంటి న్యూస్‌లెటర్ సర్వీసుల వైపు, అంటే జాబితాలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి మెయిల్ పంపిపెట్టే సర్వీసుల వైపు చూస్తున్నారు. చూడగానే వచ్చే ప్రశ్న ఒకటుంది: రోజూ ఫేస్‌బుక్‌లో రాస్తూనే ఉన్నాంగా, మెయిల్ కోసం మళ్లీ విడిగా కూర్చుని రాయాలా? పెట్టిన పోస్టే దానంతటదే మెయిల్‌గా వెళ్లిపోకూడదా?

వెళ్తుంది. దానికి అన్నిటికన్నా పాత దారి పేరు ఆర్ఎస్ఎస్. 1999లో, బ్రౌజర్ తయారుచేసిన నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. తయారుచేసినవాళ్లలో ఒకరు మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ. ఇది మనుషులు చదవడానికి కాదు, సాఫ్ట్‌వేర్ చదువుకోవడానికి పెట్టిన ఒక ఫైలు. ప్రతి పోస్టుకీ అందులో ఒక శీర్షిక, లింకు, తేదీ, ఒక గుర్తింపు ఉంటాయి. మెయిల్‌చింప్ లాంటి న్యూస్‌లెటర్ సర్వీసు మీరు చెప్పిన వేళకి వచ్చి ఆ ఫైలు తెరిచి, పోయినసారి లేని గుర్తింపులు ఏమైనా కనిపిస్తే వాటితో మెయిల్ తయారుచేసి పంపిస్తుంది. కొత్తవి లేకపోతే ఆ వారానికి ఊరుకుంటుంది.

ట్విట్టర్ లాంటివే అయిన మాస్టోడాన్, బ్లూస్కై, ఇంకా యూట్యూబ్ చానళ్లు ఈ ఫైలు ఇస్తాయి. మన జనం ఎక్కువగా ఉండే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఇవ్వవు. అక్కడ ఐఎఫ్‌టీటీటీ, జాపియర్ లాంటి మధ్యవర్తుల్ని పెట్టుకోవాలి. "కొత్త పోస్టు పడితే ఫలానా పని చెయ్యి" అని వాటికి ఒకసారి చెప్పి వదిలేయడమే. అయితే ఆ మధ్యవర్తికి కూడా తలుపు తీసేది కంపెనీలే, మూసేదీ కంపెనీలే. ఫేస్‌బుక్‌లో పేజీ ఉంటే దారి దొరుకుతుంది, సొంత ప్రొఫైల్ అయితే దాదాపు లేనట్టే. ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబరులో వ్యక్తిగత ఖాతాలకు ఉన్న దారిని మూసేసింది, ఇప్పుడు బిజినెస్ ఖాతానో క్రియేటర్ ఖాతానో ఉండాలి. ట్విట్టర్ కథ ఇంకా విచిత్రం. 2021లో రివ్యూ అనే న్యూస్‌లెటర్ సర్వీసుని తానే కొనుక్కుంది. ట్వీట్‌ని లాగి మెయిల్లో పెట్టుకునే సౌకర్యం ఇచ్చింది. 2023 జనవరిలో దాన్ని తానే మూసేసింది. అదే ఏడాది బయటి సాఫ్ట్‌వేర్లకి ఉచితంగా ఇస్తున్న ప్రవేశానికి డబ్బులు అడగడం మొదలుపెట్టింది. ఏప్రిల్లో సబ్‌స్టాక్ లింకులున్న ట్వీట్లకి లైకులు కూడా పడకుండా కొద్ది రోజులు ఆపింది. కాబట్టి ఈ ఏర్పాటు ఒకసారి బిగించేసి మరిచిపోయే రకం కాదు.

సరే, దారి దొరికింది, బిగించాం. ఇక అసలు చిక్కు చెప్తాను.

అనకాపల్లిలోనో ఆర్మూరులోనో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఉన్నారనుకోండి. ఫేస్‌బుక్‌లో పేజీ ఉంది. ఆవకాయల రోజుల్లో ఒక సోమవారం నాడు, ముక్కకి టెంక ఎందుకు ఉండాలి, తుడిచి ఆరబెట్టకపోతే బూజు ఎలా పడుతుంది అని నాలుగు పేరాలు చక్కగా రాశారు. బుధవారం "ఈ బ్యాచ్ అయిపోయిందండీ, ఆర్డర్లు ఆపేశాం" అన్నారు. గురువారం "కొత్త బ్యాచ్ రెడీ". శుక్రవారం జాడీ ఫొటో పెట్టి "చూసి చెప్పండి ఎలా ఉందో". శనివారం ఎవరిదో పోస్టు షేర్ చేసి పైన "అవును, నిజమే" అని రెండు మాటలు.

ఆదివారం పొద్దున్నే మెయిల్ దానంతటదే బయల్దేరింది. ఇలాంటి మెయిళ్లలో సాధారణంగా కొత్తది పైనా, పాతది కిందా వస్తుంది. తెరవగానే "అవును, నిజమే". ఏది నిజం? షేర్ చేసిన పోస్టు మెయిల్లోకి రాలేదు. దాని కింద జాడీ ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా. ఫేస్‌బుక్ ఫొటోల లింకులకి గడువుంటుంది, అది దాటితే బొమ్మ తెరుచుకోదు. ఆ కింద సరుకు రెడీ, దాని కింద సరుకు అయిపోయింది. నాలుగు పేరాల మంచి రాత అట్టడుగున పడింది. అక్కడిదాకా వచ్చేవాళ్లు ఎంతమంది?

అది తెలుగులో ఉంది కాబట్టి ఇంకో గొడవ. ఒక మెయిల్ బరువు సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని మడిచేసి, చదవాలంటే ఇక్కడ నొక్కమంటుంది. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు సరిపోతుంది. మనకి అక్షరం, గుణింతం, పొల్లు, ఒక్కోదానికి మూడు చొప్పున పడుతుంది. "స్త్రీ" అని ఒక్క అక్షరం రాస్తే 18 బైట్లు. అందుకే అదే పొడవున్న రాత ఇంగ్లీషులో సాఫీగా వెళ్లిపోయి, తెలుగులో మధ్యలో తెగుతుంది. తెగినప్పుడు కనబడకుండా పోయేది ఆఖరి పేరా ఒక్కటే కాదు. "ఇక నాకు పంపొద్దు" అనే లింకు ఉండేదీ అడుగునే. అది కనబడక, విసిగిన పాఠకుడు స్పామ్ అని నొక్కుతాడు. జీమెయిల్ 2024 నుంచి ఈ లెక్క గట్టిగా చూస్తోంది. వెయ్యి మెయిళ్లకి ముగ్గురు స్పామ్ అన్నా ఆ పంపేవాళ్ల పేరు చెడినట్టే. ఆ తర్వాత ఆవిడ ఉత్తరాలు అడిగి తెప్పించుకునేవాళ్లకి కూడా స్పామ్ గూట్లో పడే ప్రమాదం ఉంది.

అందుకని నా సలహా, మెషీన్‌తో పోస్టులు ఏరించండి, పంపే మీట మాత్రం మీ చేతిలో ఉంచుకోండి. మెయిల్‌కి తగిన పోస్టు చివర ఏదో ఒక హ్యాష్‌ట్యాగ్ పెట్టండి. ఆ గుర్తు ఉన్నవే తీసుకోమని మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కి చెప్పొచ్చు. తీసుకున్నవి నేరుగా పంపకుండా డ్రాఫ్ట్‌గా పెట్టమనండి. శనివారం రాత్రి ఆ డ్రాఫ్ట్ తెరిచి, ఫొటోలు మళ్లీ మీరే ఎక్కించి, నాలుగు పేరాల రాతని పైకి తెచ్చి, పాచిపోయిన కబుర్లు తీసేయడానికి ఎంతసేపు పడుతుంది? పొడుగు పోస్టయితే మొదటి పేరా పెట్టి కింద లింకు ఇవ్వండి. ఆ పేరా కూడా మీరే తెంపండి. సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే లెక్కపెట్టి తెంపుతుంది, ఒత్తు దగ్గర తెగిందంటే మిగిలేది సగం అక్షరం.

అసలు ముందు మెయిల్ రాసి, తర్వాత దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టడమే మేలనే వాళ్లున్నారు. న్యాయంగా అదే సరైన పద్ధతి. కానీ ఫేస్‌బుక్ డబ్బాలో గలగలా రాసేవాళ్లలో చాలామంది ఖాళీ మెయిల్ ముందు కూర్చుంటే బిగుసుకుపోతారు. వాళ్లని ఫేస్‌బుక్‌లోనే రాయనివ్వడం మంచిది.

ఇంకొక్క మాట జాబితా గురించి. పచ్చళ్లు ఆర్డరిచ్చినప్పుడు అడ్రసు ఇచ్చారు కదా అని ఆ మెయిళ్లన్నీ తెచ్చి ఇందులో కలపకూడదు. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ పనికి సమ్మతి ఇచ్చారో ఆ పనికే వాడాలి. ఇచ్చినంత సులువుగా ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. ఒక ఫారం లింకు ఇచ్చి, కావాలనుకున్నవాళ్లనే చేరమనండి. జాబితా చిన్నదే అవుతుంది, అవనివ్వండి.

మొదటి మెయిల్ మీకు మీరే పంపుకొని ఫోన్లో తెరిచి చూడండి. దానికి ఒక జవాబు కూడా కొట్టండి, అది ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది. చాలా ఏర్పాట్లలో ఆ జవాబు ఎవరూ తెరవని పెట్టెలో పడుతుంది. ఈ వారం కారం ఎక్కువైందని ఎవరైనా రాస్తే ఆవిడ దాకా వెళ్లాలి కదా.

నమస్కారం.