తలుపును పడుకోబెట్టకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నపు కునుకు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే కానీ, నాకిచ్చిన అరగంటలో అయిదు నిమిషాలు మైకు మింగేసింది. నేరుగా విషయానికి వచ్చేస్తాను.

ఆహ్వానపత్రికలో "పాత సామాను, కొత్త ఇల్లు: మేళవింపు" అని వేశారు. మేళవింపు గురించి తప్పకుండా చెబుతాను. ముందు ఒక్క ప్రశ్న. మీలో ఎంతమంది పాత తలుపును డైనింగ్ టేబుల్ చేయించుకున్నారు? చెయ్యెత్తండి. మొహమాటం వద్దు. వెనక వరసలో సగం లేచిన చెయ్యిని కూడా లెక్కేసుకున్నాను.

ఇది ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఊళ్లో మండువా లోగిలి పడగొడతారు. పంపకాల్లో రెండు తలుపు రెక్కలు మన వాటాకు వస్తాయి. పారేయడానికి మనసొప్పదు, ఫ్లాటులో నిలబెట్టడానికి చోటు కనిపించదు. వడ్రంగి వచ్చి చూసి, "నాలుగు కాళ్లు బిగించి పైన అద్దం వేసేద్దాం సార్" అంటాడు. మన ఉద్దేశం మంచిదే. పనే మంచిది కాదు. ఎందుకో లెక్క వేసి చెబుతాను.

6 అడుగుల ఎత్తు, రెండు రెక్కలూ కలిపి 3 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం. అంటే 3 ఘనపుటడుగుల టేకు. ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు. తలుపే 55 కిలోలు దాకా తూగింది. పైన 18 చదరపుటడుగుల అద్దం, 10 మిల్లీమీటర్లది, మరో 42 కిలోలు. మొత్తం దాదాపు క్వింటాలు. పండక్కి నలుగురొస్తే దాన్ని గోడ వైపు జరపడానికి ఆ నలుగురూ కావాలి.

బరువు సంగతి అలా ఉంచండి. తలుపు కట్టిన తీరు చూడండి. నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు కలిసి చట్రం. మధ్యలో ఉన్న పలకలను చట్రానికి అంటించరు, గాడిలో వదులుగా నిలబెడతారు. వానాకాలం ఉబ్బడానికి, ఎండాకాలం కుంచించుకోవడానికి ఆ జాగా. నిలబడి ఉన్నంతకాలం పలక బరువు కింది అడ్డ పట్టీ మోస్తుంది. పడుకోబెట్టగానే పలక అంతా అంచున ఉన్న సన్నటి నాలుక మీద వేలాడుతుంది. ఆ నాలుక అర అంగుళం కూడా ఉండదు. రెండు మూడేళ్లకు మధ్యలో కుంగుతుంది. అప్పుడు వడ్రంగి గాడి నిండా తెల్ల బంక పోస్తాడు. ఇక పలక కదలలేదు. కదలలేని చెక్క చీలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రిపూట టప్పున శబ్దం వస్తే దయ్యం అనుకోకండి, అదే.

చెక్కడం ఉన్న తలుపైతే మరీ కష్టం. అద్దానికీ చెక్కకీ మధ్య సందులోకి సాంబారు దిగుతుంది. తుడవాలంటే 42 కిలోల అద్దం ఎత్తాలి. ఎవరూ ఎత్తరు. చీమలు మాత్రం వెళ్తాయి.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు లేచి వెళ్లకండి, మీకూ దారి ఉంది. అద్దం చుట్టూ సిలికాన్ పూసి మూసేసి ఉంటే దాన్ని కోసి తీయించండి. అద్దం కింద 3 మిల్లీమీటర్ల రబ్బరు బొత్తాలు ఆరో ఎనిమిదో పెట్టించండి, గాలి ఆడుతుంది. కింద రెండు పట్టీలు అడ్డంగా వేయించండి. వాటిని చట్రానికే మరలతో బిగించాలి, పలకకు ఒక్క మర కూడా తగలకూడదు. తలుపును మళ్లీ నిలబెట్టాలని ఎప్పుడనిపించినా కాళ్లు ఊడదీయడానికి వీలుగా ఉండాలి.

సరే, నిలబెట్టడం ఎలా? మూడు చోట్లు చెబుతాను.

మొదటిది మంచం తలవైపు గోడ. రెండు రెక్కల మధ్య అర అంగుళం సందు వదిలి పక్కపక్కన నిలబెట్టండి. పట్టెమంచం వెడల్పుకు సరిపోకపోతే సరిపోకపోనీండి, అటూ ఇటూ ఖాళీ గోడ ఉంటేనే తలుపు కనిపిస్తుంది. కింద అర అంగుళం రాతిముక్క మీద నిలపాలి. గది తుడిచే తడి గుడ్డ రోజూ తగిలితే ముందు కుళ్లేది అడుగే. గోడకు, తలుపుకు మధ్య కూడా అర అంగుళం గాలి ఉండాలి. చెదలు మూసుకుపోయిన చోటునే వెతుక్కుంటాయి. పైన బిగింపుకు 45 డిగ్రీల కోతతో రెండు చెక్క పట్టీలు చేయించండి, ఒకటి గోడకు, ఒకటి తలుపు వెనక చట్రానికి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, బయటికి మేకు కనపడదు, ఎత్తితే ఊడి వస్తుంది. ఊరికే గోడకు వాల్చి మాత్రం వదిలేయకండి. ఒక్కో రెక్క 27 కిలోలు. ఇంట్లో పిల్లలుంటారు.

రెండోది దేవుడి గది ముందు, పైన బిగించిన ఇనప పట్టా మీద అటూ ఇటూ జరిగే తలుపు. ఇక్కడ అందరూ పట్టా ధర అడుగుతారు, గోడ సంగతి ఎవరూ అడగరు. ఇప్పటి ఫ్లాటుల్లో చాలావరకు తేలికపాటి సిమెంటు దిమ్మెల గోడలు. వాటిలో మామూలు ప్లాస్టిక్ గట్టాలు పెట్టి 55 కిలోలు వేలాడదీస్తే, గట్టంతో పాటు గుప్పెడు గోడ కూడా చేతికొస్తుంది. ఆ దిమ్మెల కోసమే చేసిన పొడవాటి యాంకర్లు వాడాలి, లేదా పట్టాను పైనున్న కాంక్రీటు దూలానికి పట్టించాలి. గోడ మీద వేలితో కొట్టి చూడండి, డొల్లగా మోగితే పని ఆపేయండి.

మూడోది వీధి గుమ్మమే. తలుపు పుట్టిందే అక్కడి కోసం. పాతవి చాలావరకు మడతబందుల మీద కాదు, పైనా కిందా ఉన్న బొడిపెల మీద తిరుగుతాయి. కింది బొడిపె గడపలో గుంటలో కూర్చుంటుంది. ఫ్లాటులో గడప ఉండదు, ఉన్నా గ్రానైటు. కాబట్టి బొడిపెలు నరికేసి మడతబందులు కొట్టేస్తారు. నరకనక్కర్లేదండీ. నేలలో దింపే ఇనప కీలు దొరుకుతుంది, తలుపు బరువు చెప్పి కొనుక్కోవాలి. అయితే ఒకటి, ఎత్తు చూసుకోండి. పాత గుమ్మాలు 6 అడుగుల లోపు, ఫ్లాటు గుమ్మం 7 అడుగులు. మిగిలిన అడుగులో పైన చిన్న జల్లెడ కిటికీ పెట్టించండి. ఆ తేడా కప్పెట్టడానికి తలుపుకు ముక్క అతికిస్తే మాత్రం పంచె మీద ప్యాంటు తొడిగినట్టుంటుంది.

ఇప్పుడు అసలు బాధ. గ్రైండర్.

వడ్రంగి తలుపు చూడగానే గ్రైండర్ తీస్తాడు. రెండు గంటల్లో పచ్చగా, నిన్న కోసిన చెక్కలా చేసి పెడతాడు. మనం ముచ్చటపడి డబ్బులిస్తాం. కోస్తా ఊళ్ల పెద్ద లోగిళ్లలో రంగం, అంటే రంగూన్ నుంచి ఓడల్లో దిగిన బర్మా టేకు ఉండేది. దానికి ఆ తేనెరంగు వచ్చింది వెలుతురు వల్ల, గాలి వల్ల, తరాల చేతిచమురు వల్ల. ఆ రంగు ఉండేది పైన అతి పలచటి పొరలోనే, లోపలి దాకా ఉండదు. గ్రైండర్ మొదటి తిప్పుకే పోతుంది. గొళ్లెం చుట్టూ చెయ్యి తగిలి నునుపెక్కిన చోటు, చిత్రిక పట్టిన సన్నటి అలలు, అన్నీ పోతాయి. ద్వారబంధం పైకమ్మి ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చిన్న చిన్న మేకు రంధ్రాలు వరసగా ఉంటాయి. ప్రతి ఉగాదికీ ప్రతి దసరాకూ మామిడాకుల తోరణం కట్టిన మేకులవి. గడప మీద పసుపు, చెక్క నరాల్లోకి ఇంకి ఉంటుంది. ఈ రంధ్రాలన్నిటికీ లప్పం పట్టించి, పసుపు గీకించి, "యాంటిక్ లుక్ పాలిష్" అని మళ్లీ డబ్బులు పోసి రంగు పూయిస్తున్నాం. ఉన్నది తీసేసి, దానిలాంటిది కొనుక్కుంటున్నామన్నమాట.

మరి ఏం చెయ్యాలి? పాత పెయింటింగ్ బ్రష్షుతో దుమ్ము దులపండి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డ. ఆపైన మూల మీద ఎవరికీ కనపడని చోట, దూదితో మెథిలేటెడ్ స్పిరిట్ అద్దండి. పూత మెత్తబడి జిగురైతే అది లక్క పాలిష్. మెత్తబడకపోతే థిన్నర్ అద్ది చూడండి, దానికి కరిగితే లాకర్. దేనికీ లొంగకపోతే పైన ఎనామెలో, పాలియురిథేనో ఉంది.

లక్కయితే మీ అదృష్టం, గీకకుండానే బాగుచేయవచ్చు. లీటరు స్పిరిట్‌కు 150 నుంచి 180 గ్రాముల లక్క రేకులు, రాత్రంతా నానబెట్టి పల్చటి బట్టలో వడకట్టాలి. దూది ఉండను మల్లుగుడ్డలో చుట్టి, చేతికి తడి తెలిసీ తెలియనంత పలచగా ఎనిమిది పది పూతలు. ఒక పూత ఆరాకే ఇంకోటి. తొందరపడి మందంగా పూస్తే గుడ్డ అంటుకుని చారలు పడతాయి. ముసురు పట్టిన శ్రావణంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ పట్టి పూత పాలిపోయి తెల్లగా అవుతుంది, తప్పు లక్కదని తిడతారు.

ఎనామెల్ అయితే ఇంకో జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 భాగాలు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. అంతకు ముందువి, ముఖ్యంగా పాత పచ్చ, పసుపు, ఎరుపు రంగులు, సీసం ఉన్నట్టే అనుకుని పని చేయండి. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ ధూళి పిల్లల నోట్లోకి వెళ్తుంది. మంటతో కాలిస్తే పొగ మన ఊపిరితిత్తుల్లోకి. రంగు తీసే మందు పూసి, తడి మీదే గీకి, ఆ చెత్తను మూట కట్టి పారేయాలి. లేదా రంగు గట్టిగా ఉంటే అలాగే వదిలేయండి. వెలిసిన పచ్చరంగు తలుపు తెల్లగోడ మీద ఎంత బాగుంటుందో!

మేళవింపు అన్నాను కదా, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, వస్తున్నాను.

పాతదీ కొత్తదీ కలవాలంటే అవి ఒకదాన్నొకటి అనుకరించకూడదు. టేకు తలుపు పక్కన టేకు డిజైను లామినేట్ వార్డ్‌రోబ్ పెట్టారనుకోండి, రెండూ చెడతాయి. నిజమైనది మాసినట్టు, నకిలీది మెరిసినట్టు కనిపిస్తుంది. కొత్తవన్నీ చెక్కలా నటించని వస్తువులు తెచ్చుకోండి: బూడిదరంగు బట్ట సోఫా, నల్ల ఇనప చట్రం, తెల్లటి సాదా బీరువా. గదికి ఒక పెద్ద పాత వస్తువు చాలు. భోషాణం, పడక్కుర్చీ, తలుపు, గంగాళం అన్నీ ఒకే హాల్లో పెడితే అది వేలంపాటకు సర్దినట్టుంటుంది.

దీపాలు. ఇది ఎవరూ పట్టించుకోరు. హాల్లో 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలు పెట్టి, టేకు జీవం లేకుండా ఉందేమిటని అడుగుతారు. ఆ వెలుతురులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ, తేనెరంగు బూడిదవుతుంది. 2700 లేదా 3000 కెల్విన్ పెట్టండి, డబ్బా మీద సీఆర్ఐ 90 ఉందేమో చూడండి, వస్తువుల రంగులను దీపం ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. చెక్కడం ఉంటే దీపం ఎదురుగా వద్దు, పైనుంచి గోడకు ఆరేడు అంగుళాల దూరంలో. నీడ పడితేనే పువ్వు లేస్తుంది.

పందిరి మంచం ఉన్నవాళ్లు పరుపు మందం చూసుకోండి. పాత మంచం పలక నేల నుంచి 22 అంగుళాలు దాకా ఉంటుంది. 8 అంగుళాల పరుపు వేస్తే 30, పెద్దవాళ్ల కాళ్లు నేలకందవు. నాలుగంగుళాల పరుపు కొలత ఇచ్చి కుట్టించుకోండి. మంచం కాళ్లు కోయించకండి, దయచేసి. గంగాళంలో మొక్క పెట్టేవాళ్లు మట్టి నేరుగా పోయవద్దు. ఎరువులోని ఉప్పు ఇత్తడిని తింటుంది. లోపల ప్లాస్టిక్ కుండీ దించండి. ఇత్తడి గురించి ఇంతే.

ఇంకొక్క మాట, అమెరికాలో పిల్లలున్నవాళ్లకు. ముందు రెండు వరసలూ మీరే కదా! తాతగారి తలుపు అక్కడికి పంపిద్దామని ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు, చేతిపని వస్తువులు దేశం దాటించడం నిషేధం. చెక్కడం ఉన్న పాత తలుపు ఏ కాలానిదో తేల్చుకోకుండా కంటెయినర్‌లో వేయకండి. పురావస్తు శాఖ పరీక్షించి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇస్తుంది, అది తీసుకుని పంపండి. అక్కడికి చేరాక కూడా, చలికాలంలో హీటర్లు ఆడే ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది. గోదావరి తేమకు అలవాటైన చెక్క మొదటి శీతాకాలంలోనే బీటలిస్తుంది. హీటర్ గాలి తగిలే చోట పెట్టొద్దని, ఆ గదిలో గాలికి తేమ అందించే యంత్రం ఒకటి పెట్టమని చెప్పండి.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. కిటికీల గురించి అనుకున్నది వదిలేస్తున్నాను. ఈ బల్ల మీద రెండు ముక్కలు పెట్టాను, రెండూ ఒకే తలుపు చట్రంలోవి. ఎడమ చేతి వైపుది గ్రైండర్ పట్టింది, కుడిది గుడ్డతో తుడిచింది. టీకి వెళ్లేముందు ఇటుగా రండి. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి. కుడి ముక్క పై అంచున మూడు మేకు రంధ్రాలున్నాయి, జాగ్రత్త, ఒకదాంట్లో తుప్పు మేకు మొన ఇంకా ఉంది.